పదహారేళ్ల అమ్మాయికి జపాన్‌లో వేసవి భాషా శిక్షణ: ఏది చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న (పదో తరగతి విద్యార్థిని తల్లి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి చదువుతోంది. జపాన్ బొమ్మల కథల మీది ఇష్టంతో మొదలుపెట్టి, ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే హిరగానా, కతకానా అనే జపనీస్ లిపులు నేర్చుకుంది. క్రిందటి డిసెంబరులో జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో అన్నిటికన్నా కింది స్థాయి అయిన ఎన్‌5 రాసి (పైకి వెళ్లేకొద్దీ ఎన్‌4, ఎన్‌3 అని అంకె తగ్గుతుంది) ఉత్తీర్ణురాలైంది కూడా. చదవడం, రాయడం బాగానే సాగుతున్నా, జపనీస్ మాట్లాడేవారెవరూ మా చుట్టుపక్కల లేకపోవడంతో, ఆన్‌లైన్‌లో ఎవరైనా చిన్న ప్రశ్న వేసినా నోరు పెగలడం లేదని తనే బాధపడుతుంటుంది. అందుచేత వచ్చే ఏడాది, తనకు పదహారేళ్లు నిండాక, కొన్ని వారాలపాటు జపాన్‌లోనే ఉంచి నేర్పించాలని నేను, మావారు నిర్ణయించుకున్నాం.

మా పరిశీలనలో రెండు కార్యక్రమాలు మిగిలాయి. మొదటిది టోక్యోలో రెండు వారాల శిబిరం. ఉదయం భాషా తరగతులు ఉంటాయి, మధ్యాహ్నం కుంచెతో అక్షరాలు రాయడం, తేనీటి వేడుక, యుకతా అనే వేసవి దుస్తులు కట్టుకోవడం వంటివి నేర్పుతారు, రాత్రి ఇతర దేశాల పిల్లలతో కలిసి వసతిగృహంలో ఉండాలి. రెండోది దక్షిణాన ఉన్న క్యూషూ దీవిలోని ఒక నగరంలో నాలుగు వారాల కోర్సు. అందులో ఉదయం తరగతులు మాత్రమే ఉంటాయి, బస మాత్రం ఒక జపాన్ కుటుంబంతో. అమ్మాయి రెండోదే కావాలంటోంది. ముక్కూమొహం తెలియని ఇంట్లో ఆడపిల్లను నెల రోజులు ఉంచడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

రెండు, నాలుగు వారాల్లో భాష నిజంగా మెరుగుపడుతుందా? మన సెలవులు ఏప్రిల్, మే నెలల్లో వస్తుంటే అక్కడి వేసవి శిబిరాలన్నీ జూలై, ఆగస్టుల్లో ఉంటున్నాయి, ఈ పొంతన లేనితనాన్ని మీరెలా సర్దుకున్నారు? మేము శాకాహారులం, ఆ కుటుంబానికి ఏమని చెప్పాలి? పిల్లలను పంపినవారు, అక్కడ ఉంటున్నవారు వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

మొదటి జవాబు (జపనీస్ బోధించే ఉపాధ్యాయుడు)

నమస్కారమమ్మా. ఎవరి సాయమూ లేకుండా ఎన్‌5 దాటిన అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. మీ ప్రశ్నలలో భాషకు సంబంధించిన వాటికి మాత్రమే నేను జవాబు రాస్తాను.

ముందు గంటల లెక్క చూద్దాం. జపాన్‌లోని భాషా పాఠశాలల్లో సాధారణంగా వారానికి 20 పీరియడ్లు ఉంటాయి, ఒక్కొక్కటి 45 లేదా 50 నిమిషాలు. 45 నిమిషాల లెక్కన రెండు వారాల కోర్సు 30 గంటలు, నాలుగు వారాలది 60 గంటలు అవుతుంది. ఇన్ని గంటలతో ఎన్‌5 నుంచి ఎన్‌4కు చేరుస్తామని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. అయితే మీ అమ్మాయి ఇబ్బంది స్థాయికి సంబంధించినది కాదు. జేఎల్‌పీటీలో పదాలు, వ్యాకరణం, చదవడం, వినడం ఉంటాయి గానీ మాట్లాడే పరీక్ష అసలు లేదు. అందువల్ల ఎన్‌5, ఎన్‌4 మాత్రమే కాదు, ఎన్‌2 ఉత్తీర్ణులై కూడా నోరు విప్పలేని విద్యార్థులను నేను చూస్తూనే ఉంటాను. తనలో ఇప్పటికే ఉన్న భాషను నోటికి తెచ్చుకోవడానికి నాలుగు వారాలు చక్కగా ఉపయోగపడతాయి, రెండు వారాలు కూడా వృథా కావు.

కాబట్టి ఈ రెండు కార్యక్రమాల తేడాను నేను వారాల సంఖ్యలో వెతకను. మధ్యాహ్నం తరగతి ముగిసిన తర్వాత రాత్రి పడుకునేదాకా అమ్మాయి ఎవరితో, ఏ భాషలో మాట్లాడవలసి వస్తుందన్నదే నేను మొదట వేసే ప్రశ్న. పది దేశాల పిల్లలు ఒక వసతిగృహంలో చేరితే రెండో రోజుకే వారి మధ్య ఇంగ్లీషు స్థిరపడిపోతుంది. తప్పు పిల్లలది కాదు, అందరికీ తెలిసిన భాష అదే. సంస్కృతి తరగతులు కూడా చాలాచోట్ల ఇంగ్లీషులోనే నడుస్తాయి. కుంచె ఎలా పట్టుకోవాలో గురువు జపనీస్‌లో చెబుతుంటే విని పట్టుకోవడం వేరు, పక్కన నిలబడిన సహాయకుడు ఇంగ్లీషులో చెప్పాక పట్టుకోవడం వేరు. మధ్యాహ్నపు కార్యక్రమాలను ఏ భాషలో నడుపుతారో టోక్యో శిబిరం వారిని సూటిగా అడగండి. జపనీస్‌లోనే నడుపుతామని, జపాన్ విద్యార్థులు కూడా వాటిలో పాల్గొంటారని వారు రాసి ఇస్తే ఆ శిబిరానికి విలువ చాలా పెరుగుతుంది.

ఇక కుటుంబంతో ఉండాలంటే మీ అమ్మాయి ముందుగా చేసుకోవలసిన పని ఒకటుంది. ఎన్‌5 స్థాయి పాఠాలు ఎక్కువగా 'దెస్', 'మస్' అనే మర్యాద రూపాలతో నడుస్తాయి. ఇంట్లో మాత్రం వాళ్లలో వాళ్లు అలా మాట్లాడుకోరు. 'తాబెమస్ కా' (తింటారా) అని నేర్చుకున్న పిల్ల, భోజనాల దగ్గర 'తాబెరు?' (తింటావా) అని వినగానే తడబడుతుంది. 'తాబెనై' (తినను), 'తాబెత' (తిన్నాను) వంటి మామూలు రూపాలు చెవికి అలవాటు కాకుండా వెళితే మొదటి వారమంతా అయోమయంలోనే గడిచిపోతుంది. అలాగే ఎదుటివారు మాట్లాడుతున్నంతసేపూ మధ్యమధ్యలో 'హాయ్', 'ఎఎ', 'సో దెస్ నె' అంటూ ఊ కొట్టడం అక్కడ మర్యాద. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊ కొట్టకపోతే మనకు ఎలా ఉంటుందో, మౌనంగా వింటున్న విదేశీ అమ్మాయిని చూస్తే వారికీ అలాగే ఉంటుంది. అర్థం కాలేదేమోనని మాట ఆపేస్తారు, లేదా ఇంగ్లీషులోకి మారిపోతారు.

సొంతంగా నేర్చుకున్న పిల్లల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. తరగతి కేటాయించే పరీక్ష రాతపూర్వకంగా మాత్రమే ఉంటే, వారి చదివే శక్తిని బట్టి పై తరగతిలో వేస్తారు, అక్కడ మాటలు అందుకోలేక పిల్లలు ముడుచుకుపోతారు. మౌఖిక పరీక్ష కూడా పెట్టమని ముందే కోరండి.

మన పిల్లలు సాధారణంగా గమనించని విషయం ఒకటి చెప్పి ముగిస్తాను. జపనీస్ వాక్యంలో క్రియ చివరికే వస్తుంది, విభక్తి నామవాచకం తర్వాతే వస్తుంది, ఒకరన్న మాటను తిరిగి చెప్పేటప్పుడు మనం 'అని' పెట్టే చోటనే వారు 'తో' పెడతారు. ఇంత దగ్గరి అమరిక ఉన్నా, ఇంగ్లీషు పుస్తకాల నుంచి నేర్చుకోవడంతో పిల్లలు ముందు ఇంగ్లీషులో వాక్యం కట్టి, దాన్ని తలకిందులు చేసి జపనీస్‌లోకి తెస్తుంటారు. మాట ఆలస్యం కావడానికి ఇది పెద్ద కారణం. తెలుగులో అనుకున్నదాన్ని అదే వరుసలో జపనీస్‌లో పలకడం ఇప్పటి నుంచే సాధన చేయించండి.

రెండో జవాబు (కుమారుణ్ణి పంపిన తండ్రి)

నమస్కారమండి. మా అబ్బాయి పదిహేడేళ్ల వయసులో ఇటువంటి కోర్సుకే వెళ్లి వచ్చాడు. పైన మాస్టారు భాష సంగతి చెప్పారు కాబట్టి నేను కాగితాలు, డబ్బు గురించి రాస్తాను.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు బయలుదేరే ముందే వీసా తీసుకోవాలి. 90 రోజుల లోపు ఉండే కోర్సుకు విద్యార్థి వీసా అక్కర్లేదు, స్వల్పకాలిక వీసా సరిపోతుంది. మైనరు ఒంటరిగా ప్రయాణం చేస్తున్నప్పుడు తల్లిదండ్రుల సమ్మతి పత్రం, పాఠశాల ఇచ్చే ప్రవేశ పత్రం, రోజువారీ కార్యక్రమ వివరాలు సిద్ధంగా ఉంచుకోండి. జపాన్‌లో 2022 ఏప్రిల్‌లో మేజరు వయసును 20 నుంచి 18కి తగ్గించారు గనుక, 18 నిండని పిల్లల తరఫున ప్రతి ఒప్పందం మీదా మీ సంతకమే ఉండాలి. ఆస్పత్రిలో చికిత్సకు అనుమతి ఇచ్చే పత్రం కూడా అందులో ఒకటి. దాన్ని చదవకుండా సంతకం పెట్టవద్దు. మీరు ఫోనులో అందకపోతే నిర్ణయం ఎవరు తీసుకుంటారో అందులోనే ఉంటుంది.

అక్కడి భాషా పాఠశాలల్లో ఎక్కువ భాగం పెద్దవారి కోసం నడిచేవే. 18 ఏళ్లలోపు పిల్లల్ని కొన్ని పాఠశాలలు వేసవి శిబిరాల్లో మాత్రమే చేర్చుకుంటాయి, కొన్ని 16 నిండితే మామూలు తరగతుల్లోకి కూడా తీసుకుంటాయి. సెలవుల పొంతన గురించి మీరు అడిగారు కదా, ఈ రెండో రకం పాఠశాల దొరికితే మే నెలలోనే పంపవచ్చు. తోటి విద్యార్థులు పాతికేళ్లవారో ముప్ఫయ్యేళ్లవారో అయి ఉంటారన్నది అందులోని లోటు. మావాడికి అది ఇబ్బంది అనిపించలేదు, కానీ వాడు పెద్దవాళ్లతో కలిసిపోయే స్వభావం కలవాడు. మీ అమ్మాయి స్వభావం మీకే తెలియాలి. ఒకవేళ జూలైలోనే పంపదలిస్తే, కొత్త కళాశాలలో చేరేటప్పుడే ప్రిన్సిపాల్‌తో మాట్లాడి సెలవు ఖాయం చేసుకోవడం మంచిది.

జపాన్‌లో భాషా పాఠశాలలను విద్యామంత్రిత్వ శాఖ గుర్తించే కొత్త చట్టం 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, ఉపాధ్యాయులకు జాతీయస్థాయి అర్హత కూడా దానితోనే వచ్చింది. పాత పాఠశాలలకు మారడానికి గడువు ఇచ్చారు కాబట్టి గుర్తింపు ఇంకా రానంత మాత్రాన అనుమానించనక్కర్లేదు. అయినా గుర్తింపు ఉందా, దరఖాస్తు చేశారా అని అడగండి. వారు చెప్పే తీరులోనే చాలా తెలుస్తుంది.

డబ్బు విషయంలో, ఫీజులో చేరనివాటి జాబితాను రాతపూర్వకంగా తీసుకోండి. మేము మొదట సంప్రదించిన ఒక ఏజెంటు మధ్యాహ్న భోజనం, రోజూ పాఠశాలకు వెళ్లివచ్చే రైలు ఖర్చు, విమానాశ్రయం నుంచి తీసుకువెళ్లే రుసుము వేరే అని చివరి వాయిదా దగ్గర గానీ చెప్పలేదు. ఆ తర్వాత నేరుగా పాఠశాలకే రాసి చేర్పించాం. హోమ్‌స్టేలో ఉదయం, రాత్రి భోజనం ఇస్తారు, మధ్యాహ్నానిది పిల్లలే చూసుకోవాలి. ఇంటికీ పాఠశాలకూ మధ్య ప్రయాణం గంట దాకా కూడా ఉండవచ్చు, కాబట్టి దూరం ముందే కనుక్కోండి. దేశమంతా రైళ్లలో తిరిగే విదేశీ పర్యాటకుల కోసం ఇచ్చే జపాన్ రైల్ పాస్‌ను ఒకే నగరంలో ఉండే పిల్లలకు కొనవద్దు. 2023 అక్టోబరులో దాని ధర బాగా పెరిగింది, ఏడు రోజుల మామూలు పాస్ అప్పుడే 50,000 యెన్‌లు అయింది. టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైలులో ఒకవైపు టికెట్టు సుమారు 14,000 యెన్‌లు కాబట్టి, ఒకసారి క్యోటో వెళ్లి రావడానికి ఆ పాస్ ఏ విధంగానూ గిట్టుబాటు కాదు.

వేరే దారులు కూడా ఉన్నాయి. రోటరీ క్లబ్బులు పదిహేనేళ్లు దాటిన పిల్లలకు యువజన మార్పిడి కార్యక్రమం నడుపుతాయి, ఏఎఫ్‌ఎస్ అనే అంతర్జాతీయ సంస్థ జపాన్‌లో కుటుంబాల మధ్య ఉంచి చదివిస్తుంది. జపాన్ ప్రభుత్వం 2007లో మొదలుపెట్టిన జెనెసిస్ అనే యువజన మార్పిడి, 2014లో మొదలైన సకురా సైన్స్ కార్యక్రమాల ద్వారా వెళ్లే పిల్లలూ ఉన్నారు. అయితే సకురా సైన్స్ పేరుకు తగ్గట్టే విజ్ఞానశాస్త్రానికి సంబంధించినది, భాష కోసం దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

మూడో జవాబు (కనగావా ప్రిఫెక్చర్‌లో నివసిస్తున్న గృహిణి)

నమస్కారమండి. నేను కుటుంబంతో ఇక్కడే ఉంటున్నాను, మా పిల్లలు ఇక్కడి బడుల్లోనే చదువుతున్నారు. ఏ నెలలో వస్తే ఎలా ఉంటుందో ముందు చెబుతాను.

ఇక్కడ విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు వరుసగా వచ్చే సెలవుల్లో దేశమంతా ప్రయాణాల్లో ఉంటుంది, ఆ వారంలో దిగితే టికెట్లూ గదులూ దొరకడమే కష్టం. అది దాటిన తర్వాత మే నెలాఖరు వరకు వాతావరణం హాయిగా ఉంటుంది, బడులు కూడా నడుస్తుంటాయి. జూన్ మొదటి వారాల్లో వానాకాలం మొదలై జూలై మధ్య దాకా ముసురు పట్టి ఉంటుంది, ఉత్తరాన ఉన్న ఒక్క హొక్కైదో దీవికి మాత్రం ఆ బెడద లేదు. జూలై 20 ప్రాంతంలో బడులకు సెలవులు ఇస్తే ఆగస్టు చివరి దాకా తెరవరు.

చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడుతున్నారు. 'జపాన్ హైస్కూల్లో ఒక రోజు' అని ప్రకటనలో చూసి ఆగస్టు కోర్సులో చేరుస్తారు, తీరా వచ్చాక తరగతి గదులన్నీ ఖాళీగా ఉంటాయి. క్రీడా, సంగీత బృందాల సాధన మాత్రం సెలవుల్లోనూ జరుగుతుంది కాబట్టి, వారితో కలపగలిగితే నయమే. తరగతిలో కూర్చోవాలని అమ్మాయికి గట్టి కోరిక ఉంటే జూలై మధ్యలోపు ముగిసే కార్యక్రమాన్ని గానీ మే నెల కోర్సును గానీ చూడండి. ఆగస్టు 13 నుంచి 16 వరకు ఓబోన్ పండుగ. ఆ వారం చాలా భాషా పాఠశాలలు మూసివేస్తారు, హోస్ట్ కుటుంబాలు సొంత ఊళ్లకు వెళుతుంటాయి. ఆ రోజుల్లో అమ్మాయిని వెంట తీసుకువెళ్తారా, వేరే ఇంట్లో ఉంచుతారా అన్నది ముందే తేల్చుకోవాలి. వెంట తీసుకువెళితే అంతకన్నా అదృష్టం లేదు. పూర్వీకుల సమాధులు కడగడం, ఊరంతా కలిసి గుండ్రంగా తిరుగుతూ ఆడే బోన్ నృత్యం, ఇవన్నీ ఏ సంస్కృతి తరగతీ చూపించలేదు.

ఎండ గురించి తేలిగ్గా అనుకోవద్దు. మనకు ఎండలు కొత్త కాకపోయినా, ఇక్కడి ఉక్క ఒంట్లోని శక్తినంతా లాగేస్తుంది. వడదెబ్బ హెచ్చరికలు దేశమంతటా 2021 నుంచి ఇస్తున్నారు, అవి వచ్చిన రోజున బయటి కార్యక్రమాలు రద్దు చేస్తారా అని అడగండి.

భద్రత విషయానికి వస్తే, ఇక్కడ ఒంటరిగా రైలెక్కి బడికి వెళ్లే ఆరేళ్ల పిల్లల్ని రోజూ చూస్తుంటాం. అలాగని నియమాలు లేవనుకోకూడదు. 18 ఏళ్లలోపు పిల్లలు రాత్రి 11 దాటాక పెద్దవారి తోడు లేకుండా బయట తిరిగితే పోలీసులు ఆపి ఇంటికి ఫోను చేస్తారు. 16 నిండిన విదేశీయులు పాస్‌పోర్టు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని చట్టం ఉంది, మీ అమ్మాయికి అప్పటికి 16 నిండుతాయి కాబట్టి ఆమెకూ వర్తిస్తుంది. పోలీసుకు 110, అంబులెన్సుకు 119. హోమ్‌స్టే గురించి మీ భయం సహజమైనదే. కుటుంబంలో ఎవరెవరు ఉన్నారు, ఆడపిల్లలు ఉన్నారా, గదికి లోపల గడియ ఉందా, పాఠశాల ఉద్యోగులు స్వయంగా ఆ ఇంటికి వెళ్లి చూశారా, అర్ధరాత్రి ఫోను చేస్తే పలికే మనిషి ఎవరు, ఇల్లు మారాలంటే ఎన్ని రోజుల్లో మారుస్తారు అని అడగండి. మంచి సంస్థలు ఈ ప్రశ్నలకు నొచ్చుకోవు.

మందుల సంగతి తప్పక గమనించండి. వైద్యుడు రాసిచ్చిన మందులు నెల రోజులకు సరిపడేవి మాత్రమే అనుమతి లేకుండా తెచ్చుకోవచ్చు, అంతకు మించితే 'యున్యు కకునిన్‌షో' అనే ధ్రువపత్రం ముందుగా తీసుకోవాలి. జలుబు మందుల్లో కలిపే సూడోఎఫెడ్రిన్ పది శాతానికి మించి ఉంటే ఆ మందు తేవడమే నిషిద్ధం. ఆంఫెటమిన్ అనే ఉత్తేజక పదార్థం ఉన్న మందులు వైద్యుడి చీటీ ఉన్నా తేకూడదు. పెట్టెలో ఏదో ఒక జలుబు మాత్ర పడేసి పంపించే అలవాటు మనకుంది, ఈసారికి ఒక్కొక్క మాత్ర పేరూ చూసి పెట్టండి. మూడు నెలలకు మించి ఉండనివారికి ఇక్కడి జాతీయ ఆరోగ్య బీమా వర్తించదు కాబట్టి ప్రయాణ బీమా లేకుండా పంపవద్దు.

శాకాహారం నిజంగా కష్టమైన విషయమే. మాంసం, చేపలు కంటికి కనబడకపోయినా, ఎండబెట్టిన బొనీతో చేపతో కాచిన 'దాషి' అనే రసం మిసో పులుసులోనూ, నూడుల్స్ రసంలోనూ, ఉడికించిన కూరగాయల్లోనూ ఉంటుంది. 'మాంసం తినదు' అని మాత్రమే రాస్తే చేప పెడతారు, 'చేప తినదు' అంటే దాషి ఉన్న పులుసు పెడతారు. వారి దృష్టిలో అది చేప కాదు. కాబట్టి ఏమి తినదో రాయడంతో ఆగకుండా ఏమి తింటుందో కూడా రాయండి: అన్నం, గుడ్డు తింటే గుడ్డు, పాలు, తోఫు, నత్తో (పులియబెట్టిన సోయా గింజలు), కూరగాయలు, కొంబు సముద్రపు నాచుతోనో షీతాకే పుట్టగొడుగులతోనో కాచిన దాషి. ఈ చివరిది ఇక్కడివారికి కొత్తేమీ కాదు, బౌద్ధ మఠాల వంటకు ఆధారమే అది. దాషి విషయంలో మీరు ఎంతవరకు సర్దుకోగలరో ఇంట్లో ముందే మాట్లాడుకుని, ఆ నిర్ణయాన్ని దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయండి. వచ్చాక చెబితే అప్పటికే వండిపెట్టిన ఆ తల్లి చాలా నొచ్చుకుంటుంది.

నాలుగో జవాబు (హోమ్‌స్టే చేసి వచ్చిన డిగ్రీ విద్యార్థిని)

నమస్కారం ఆంటీ. నేను ఇంటర్మీడియట్ చదివేటప్పుడు కుమమోతోలో ఒక కుటుంబంతో ఉన్నాను. మా ఇంట్లోనూ ఇవే భయాలు ఉండేవి, అందుకే రోజు ఎలా గడిచేదో కొంచెం వివరంగా చెబుతాను.

ఆ ఇంట్లో అమ్మ, నాన్న, అమ్మమ్మ, ఒకటో తరగతి చదివే బాబు ఉండేవారు. ఉదయం ఆరున్నరకు రేడియోలో వ్యాయామ సంగీతం వస్తుంది, సెలవుల్లో పిల్లలంతా దగ్గరి పార్కుకు వెళ్లి దానికి తగ్గట్టు వ్యాయామం చేసి, మెడలో వేలాడే కార్డు మీద ముద్ర వేయించుకుంటారు. ఆ బాబు నాకూ ఒక కార్డు సంపాదించి పెట్టాడు. వాడికి సెలవుల పని కింద బడి నుంచి తెచ్చిన అసగావో పూల కుండీ ఉండేది, రోజూ ఎన్ని పూలు పూశాయో, ఏ రంగువో బొమ్మ వేసి కింద రెండు వాక్యాలు రాయాలి. పాఠశాల నుంచి వచ్చాక నేను, వాడు వరండాలో కూర్చుని కలిసి రాసేవాళ్లం. నేను తప్పు మాట వాడితే వాడు ఏ మొహమాటమూ లేకుండా 'అది కాదు' అని దిద్దేవాడు. పెద్దవాళ్లు మర్యాద కొద్దీ నా తప్పుల్ని వదిలేసేవారు, వాడు మాత్రం ఒక్కటి కూడా వదలలేదు. చిన్నపిల్లలున్న కుటుంబం కావాలని దరఖాస్తులో కోరమని అందుకే గట్టిగా చెబుతున్నాను.

అమ్మమ్మ మాట్లాడే క్యూషూ యాస మొదటి వారం ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ, దుస్తులు మడుస్తూ పక్కన కూర్చుంటే నెమ్మదిగా అలవాటైంది. ఇంటి పనిలో చేయి కలపడమే మాట్లాడటానికి అన్నిటికన్నా తేలికైన దారి, ఎందుకంటే చేతిలో పని ఉన్నప్పుడు నిశ్శబ్దం ఇబ్బందిగా ఉండదు, మాట తోచినప్పుడు మాట్లాడవచ్చు.

స్నానం గురించి ముందే చెప్పి పంపండి. తొట్టెలో వేడినీళ్లు ఇంటిల్లిపాదికీ ఒకటే. బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా కడుక్కున్న తర్వాతే అందులో దిగాలి, లేచాక నీళ్లు వదిలేయకుండా వేడి పోకుండా మూత పెట్టి రావాలి. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, మొనలు వీధి వైపు తిప్పి పెట్టాలి. మరుగుదొడ్డిలో వాడే స్లిప్పర్లు అక్కడే వదలాలి. చెత్తను ఏ రోజు ఏ రకం బయట పెట్టాలో వంటింటి గోడ మీద పట్టిక ఉంటుంది. ఇవి తెలిసి వెళితే వారు మనల్ని అతిథిలా కాకుండా ఇంటి పిల్లలా చూడటం త్వరగా మొదలవుతుంది.

ఒంటరితనం మాత్రం ఉంటుంది ఆంటీ, అది దాచను. రెండో వారంలో తలంతా అలసిపోయి, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఆ సమయంలో రోజూ గంటలకొద్దీ ఇంటికి వీడియో కాల్ చేస్తే గది తలుపు మూసుకుని తెలుగులోనే ఉండిపోతాం. మా అమ్మ రెండు రోజులకు ఒకసారి, అదీ పావుగంట మాత్రమే అని పెట్టుకుంది. అప్పుడు కోపం వచ్చింది గానీ, మూడో వారం నుంచి భోజనాల దగ్గర నేనే ముందు మాట కలపడం మొదలుపెట్టాను.

ప్రశ్న అడిగినవారి మాట

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. అన్నీ చదివాక మావారు, నేను క్యూషూ కోర్సు వైపే మొగ్గుతున్నాం. జూలై మొదటి వారంలో చేరితే బడులు మూయకముందు రెండు వారాలు దొరుకుతాయి, ఓబోన్‌కు ముందే తిరిగి వచ్చేస్తుంది. ఒక్క సందేహం మిగిలింది. ఆ కోర్సులో మధ్యాహ్నాలు ఖాళీ. హోస్ట్ కుటుంబంలో ఇద్దరూ ఉద్యోగాలకు వెళితే సాయంత్రం దాకా అమ్మాయి ఏం చేస్తుంది? గదిలో ఫోను పట్టుకుని కూర్చుంటుందేమోనన్నదే నా బెంగ.

మూడో జవాబు రాసినవారు మళ్లీ

దాదాపు ప్రతి నగరంలోనూ అంతర్జాతీయ మార్పిడి సంఘం ఒకటి ఉంటుంది. అక్కడ స్వచ్ఛందంగా జపనీస్ నేర్పేవారు ఉంటారు, రుసుము ఉండదు, ఉన్నా నామమాత్రమే. పదవీ విరమణ చేసిన పెద్దవారు ఎక్కువమంది వస్తారు, వారికి మాట్లాడే తీరిక, ఓపిక రెండూ ఉంటాయి. 18 ఏళ్లలోపు పిల్లలందరికీ తెరిచి ఉండే 'జిదోకన్' అనే బాలల కేంద్రాలు, పేటల్లోని 'కోమిన్‌కన్' అనే సముదాయ భవనాలు కూడా ఉన్నాయి. వేసవిలో అక్కడ వంట, చేతిపనులు, బోన్ నృత్య సాధన జరుగుతుంటాయి. హోస్ట్ తల్లిని అడిగితే ఏ రోజు ఎక్కడ ఏముందో వార్డు కార్యాలయం వారి పత్రిక చూసి చెప్పగలదు. వారానికి రెండు మధ్యాహ్నాలు ఇలా ఖాయం చేస్తే చాలు. మిగతావి దానంతట అవే నిండుతాయి, పూర్తిగా నింపేస్తే పిల్ల అలసిపోతుంది.

మొదటి జవాబు రాసినవారు మళ్లీ

మంచి నిర్ణయమమ్మా. బయలుదేరేలోపు ఉన్న నెలల్లో జపాన్ ఫౌండేషన్ వారి మినాతో అనే ఉచిత ఆన్‌లైన్ వేదికలో ఏదైనా ఒక కోర్సు పూర్తి చేయించండి, మామూలు రూపాలను రోజూ పైకి చదివించండి. ఇంకొకటి కూడా చేయించండి. గది గడియ, దాషి, ఇంటి దూరం, మధ్యాహ్నాల సంగతి, ఇలా మీరు పాఠశాలను అడగవలసినవి చాలా ఉన్నాయి కదా. డబ్బు, చికిత్స అనుమతి వంటివి మీరే ఇంగ్లీషులో రాయండి, మిగిలినవి అమ్మాయి చేత జపనీస్‌లో రాయించండి. తప్పులున్నా దిద్దకుండా పంపండి. వారి జవాబు సరళమైన జపనీస్‌లో, తన స్థాయికి తగ్గట్టుగా వస్తే ఆ పాఠశాల పిల్లల్ని చూసి పాఠం చెప్పేదని అర్థం. ఇంగ్లీషులో ముద్రించిన కరపత్రం మాత్రమే తిరిగి వస్తే, రుసుము కట్టే ముందు మరొక పాఠశాలకు కూడా రాసి చూడండి.